40 ఓమ్‌ల చోక్‌లో 0.43 ఆంపియర్లే ఎందుకు పారుతుంది?

నాలుగడుగుల ట్యూబ్‌లైటుకు వాడే పాతరకం రాగి చోక్‌ను పట్టీ నుంచి విడదీసి, దాని రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టి నిరోధం కొలిస్తే దాదాపు 40 ఓమ్‌లు కనిపిస్తుంది. తయారీని బట్టి కాస్త అటూ ఇటూ ఉండవచ్చు. ఓమ్ నియమాన్ని ఉన్నదున్నట్టు అన్వయిస్తే, 230 వోల్టుల సరఫరాకు కలిపినప్పుడు ఆ తీగలో 5.75 ఆంపియర్లు పారాలి. కానీ అదే చోక్ మీద అంటించిన చీటీలో 0.43 ఆంపియర్లు అని అచ్చు వేసి ఉంటుంది, ట్యూబు వెలుగుతున్నప్పుడు కొలిచి చూసినా దాదాపు అంతే వస్తుంది. వరుసలో ఉన్న ట్యూబు తన వంతుగా సుమారు 103 వోల్టులు తీసుకుంటుందని లెక్కలో కలిపినా తేడా తీరదు, ఎందుకంటే మిగిలిన 127 వోల్టులకే 40 ఓమ్‌ల తీగలో మూడు ఆంపియర్లకు పైగా పారాలి. మరి ఆ మిగిలిన విద్యుత్తును ఆపుతున్నది ఏమిటి? పాలిటెక్నిక్ విద్యార్థులకు ఏకాంతర విద్యుత్తు (ఏసీ) గురించి చెప్పేటప్పుడు నేను సూత్రంతో కాకుండా ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను. చోక్ లోపల ఉన్నది ఇనుము మీద చుట్టిన రాగి తీగే. అలాంటి తీగచుట్ట విద్యుత్ ప్రవాహాన్ని పరిమితం చేసే తీరు, నిరోధం పరిమితం చేసే తీరు ఒకటి కావని ఈ ఒక్క పెట్టెలోనే పూర్తిగా చూడవచ్చు.

ట్యూబుకు అసలు ఇలాంటి కట్టడి ఎందుకు కావాలో ముందు తెలుసుకోవాలి. పాత ఫిలమెంటు బల్బుకు చోక్ అవసరం లేదు, ఎందుకంటే అందులోని టంగ్‌స్టన్ తీగ వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరిగి ప్రవాహం తనంతట తానే ఒక విలువ దగ్గర నిలబడుతుంది. ట్యూబు రెండు కొసల మధ్య తీగ ఉండదు. తక్కువ పీడనం వద్ద నింపిన ఆర్గాన్ వంటి జడవాయువు, కొద్దిపాటి పాదరసపు ఆవిరి మాత్రమే ఉంటాయి. ఒకసారి అందులో ఎలక్ట్రాన్ల ప్రవాహం మొదలైందంటే అవి పరమాణువులను ఢీకొని అయాన్లుగా మారుస్తాయి, అయాన్లు పెరిగితే దారి మరింత సులువవుతుంది, దారి సులువైతే ప్రవాహం ఇంకా పెరుగుతుంది. అంటే ప్రవాహం పెరిగినకొద్దీ ట్యూబుకు కావలసిన వోల్టేజీ పెరగకపోగా తగ్గుతుంది. ఇటువంటి దాన్ని నేరుగా సరఫరాకు కలిపితే క్షణంలో ఎలక్ట్రోడ్లు కాలిపోవడమో ఫ్యూజు ఎగిరిపోవడమో జరుగుతుంది. కాబట్టి ఎంత విద్యుత్తు పారాలో నిర్ణయించే బాధ్యత ట్యూబుకు బయట, దానితో వరుసలో ఉన్న మరొక భాగం తీసుకోవాలి.

ఆ భాగంగా ఒక నిరోధకాన్ని పెట్టవచ్చు కదా అని అడగడం సహజమే, లెక్క వేసి చూస్తే సమాధానం వెంటనే తేలిపోతుంది. నిరోధకం 127 వోల్టులను భరిస్తూ 0.43 ఆంపియర్లను పోనివ్వాలంటే అందులో సుమారు 55 వాట్లు వేడిగా పోతాయి. వెలుగునిచ్చే ట్యూబు తీసుకునేది 36 వాట్లయితే, దాన్ని అదుపులో పెట్టే వస్తువు 55 వాట్లు తగలేస్తుందన్నమాట. వెనకటి ఫ్యాన్ రెగ్యులేటర్ల చతురస్రపు పెట్టెలు ముట్టుకోలేనంత వేడెక్కడానికి వాటిలోని తీగచుట్టిన నిరోధకాలే కారణమని చాలామందికి గుర్తుండే ఉంటుంది. చోక్ అదే పని చేస్తూ 9, 10 వాట్లు మాత్రమే వేడిగా పోగొడుతుంది, నాసిరకం చోక్ అయితే ఇంకొంచెం ఎక్కువ. ఆ వేడి కూడా చోక్ చేసే అసలు పనిలో భాగం కాదు. రాగి తీగకు ఉన్న కొద్దిపాటి నిరోధం వల్ల, ఇనుప దిమ్మెలో జరిగే నష్టాల వల్ల అది పుడుతుంది. నిరోధమే లేని తీగతో, నష్టమే లేని ఇనుముతో చోక్ తయారు చేయగలిగినా అది విద్యుత్తును ఇంచుమించు ఇంతే గట్టిగా అదుపు చేస్తుంది, ఒక్క డిగ్రీ కూడా వేడెక్కకుండా.

ఈ గుణాన్ని మొదట గుర్తించి ప్రకటించినవాడు అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో పాఠాలు చెప్పిన జోసెఫ్ హెన్రీ. బ్యాటరీకి కలిపిన పొట్టి తీగను విడదీసినప్పుడు పెద్దగా ఏమీ కనిపించదు గానీ, పొడవాటి తీగను, అందులోనూ చుట్టగా చుట్టిన తీగను విడదీసినప్పుడు ప్రకాశవంతమైన నిప్పురవ్వ ఎగురుతుందని ఆయన గమనించి 1832లో ప్రచురించాడు. అంతకు ముందు సంవత్సరమే ఇంగ్లండులో మైకేల్ ఫారడే, ఒక చుట్టలోని ప్రవాహం మారితే పక్క చుట్టలో విద్యుత్తు పుడుతుందని చూపించాడు. హెన్రీ చూసింది దానికి ఒక అడుగు లోపలిది. చుట్టలోని ప్రవాహం మారితే ఆ చుట్టలోనే విద్యుచ్ఛాలక బలం, అంటే వోల్టేజీ, పుడుతుంది. దీన్నే మన పుస్తకాలు స్వయం ప్రేరణ అంటాయి. ఆ బలం ఏ దిశలో పుడుతుందో చెప్పే నియమాన్ని రష్యాలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త లెంజ్ 1834లో ఇచ్చాడు. 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ, చుట్టకున్న ఈ గుణపు కొలత అయిన ప్రేరకత్వానికి ప్రమాణంగా హెన్రీ పేరు పెట్టింది.

లెంజ్ నియమం దగ్గరే చాలామంది విద్యార్థులు జారిపోతారు. చుట్టలో పుట్టే బలం ప్రవాహాన్ని వ్యతిరేకిస్తుందని వాళ్ళు రాస్తారు. అది వ్యతిరేకించేది ప్రవాహాన్ని కాదు, ప్రవాహంలో వచ్చే మార్పును. ప్రవాహం పెరుగుతుంటే తేలిగ్గా పెరగనివ్వదు, తగ్గుతుంటే తేలిగ్గా తగ్గనివ్వదు, స్థిరంగా ఉంటే దాని జోలికే పోదు. ఈ మూడో మాట లేకుండా మొదటి రెండింటిని చెబితే పాఠం సగమే చెప్పినట్టు.

ఇప్పుడు చోక్ దగ్గరకే తిరిగి వచ్చి అంకెలతో చూద్దాం. ప్రవాహం సెకనుకు ఒక ఆంపియరు చొప్పున మారుతున్నప్పుడు చుట్టలో ఒక వోల్టు పుడితే దాని ప్రేరకత్వం ఒక హెన్రీ. 36 వాట్ల ట్యూబుకు వాడే చోక్ ప్రేరకత్వం సుమారు 1.5 హెన్రీలు ఉంటుందని అనుకుందాం. ఆ చోక్‌ను ఒంటరిగా సరఫరాకు కలిపామని, దాని 40 ఓమ్‌ల నిరోధాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టామని కూడా అనుకుందాం. ఏదో ఒక క్షణంలో సరఫరా 300 వోల్టుల దగ్గర ఉంది. ఆ 300 వోల్టులకు ఎదురు నిలబడటానికి చుట్ట దగ్గర స్వయం ప్రేరణ తప్ప మరో సాధనం లేదు, స్వయం ప్రేరణ పుట్టాలంటే ప్రవాహం మారాలి. 1.5 హెన్రీల చుట్టలో 300 వోల్టులు పుట్టాలంటే ప్రవాహం సెకనుకు 200 ఆంపియర్ల చొప్పున మారాలి. కాబట్టి ఆ క్షణంలో ప్రవాహం సరిగ్గా ఆ వేగంతో పెరుగుతుంది, అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. నిరోధకంలో వోల్టేజీ నిర్ణయించేది ప్రవాహం ఎంత ఉండాలన్నది. చుట్టలో వోల్టేజీ నిర్ణయించేది ప్రవాహం ఎంత వేగంగా మారాలన్నది మాత్రమే. ఈ తేడా మనసుకు పడితే మిగిలినదంతా దానంతట అదే వస్తుంది.

సెకనుకు 200 ఆంపియర్లు అంటే భయపెట్టే అంకెలాగే ఉంటుంది. అయితే ఆ పెరుగుదలకు దొరికే సమయం ఎంత? మన సరఫరా సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది, అంటే వోల్టేజీ ఒకే దిశలో ఉండేది సెకనులో నూరో వంతు మాత్రమే. 230 వోల్టుల సరఫరా నిజానికి 325 వోల్టుల శిఖరం దాకా వెళ్ళి వస్తుంది, అర ఆవర్తనం మొత్తం మీద దాని సగటు సుమారు 207 వోల్టులు. 207ను 1.5తో భాగిస్తే ప్రవాహం సగటున సెకనుకు 138 ఆంపియర్ల చొప్పున మారుతుంది. దొరికిన నూరో వంతు సెకనులో అది మారగలిగేది 1.38 ఆంపియర్లే. అంతలో వోల్టేజీ దిశ తిరగబడి, వచ్చిన దారినే వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. ప్రవాహం నిలకడకు వచ్చాక సున్నాకు రెండు వైపులా సమానంగా ఊగుతుంది కాబట్టి, ఆ 1.38 ఆంపియర్లు ఒక వైపు 0.69, మరో వైపు 0.69గా పంచుకుంటాయి. శిఖరం 0.69 ఆంపియర్లయితే మీటరు చూపించే విలువ, శిఖరాన్ని 1.414తో భాగిస్తే వచ్చేది, 0.49 ఆంపియర్లు. ట్యూబు కూడా వరుసలో చేరితే అది ఇంకొంత తగ్గి 0.43 దగ్గరకు వస్తుంది. చోక్ చీటీ మీద ఉన్న అంకె ఇదే. చుట్ట ప్రవాహాన్ని అడ్డుగోడలా ఆపలేదు, పెరగడానికి దానికి వ్యవధి చాలలేదు.

రథోత్సవంలో రథాన్ని లాగడం చూసినవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అందుతుంది. మోకులు పట్టుకుని ఒకే దిక్కుకు లాగుతూ ఉంటే మొదట కదలనే కదలనట్టున్న రథం మెల్లగా వేగం పుంజుకుంటుంది, పుంజుకున్నాక ఆపడానికి చక్రాల కింద చెక్కలు వేయవలసి వస్తుంది. అదే బలంతో ముందువాళ్ళు ఒక క్షణం, వెనకవాళ్ళు ఒక క్షణం మార్చి మార్చి లాగితే రథం ఉన్నచోటనే కాస్త ముందుకూ కాస్త వెనక్కీ ఊగుతుందే తప్ప వీధి దాటదు. ఎంత త్వరత్వరగా దిక్కు మార్చుకుంటే అంత తక్కువగా ఊగుతుంది, రథం ఎంత బరువైతే అంత తక్కువగా ఊగుతుంది.

ఆ చివరి వాక్యమే పాఠ్యపుస్తకంలోని సూత్రం. చుట్ట చూపే ప్రేరక ప్రతిరోధం 2 × 3.14 × పౌనఃపున్యం × ప్రేరకత్వం. పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్ని ఆవర్తనాలన్నది, దాన్ని హెర్ట్‌జ్‌లలో చెబుతారు. మన చోక్‌కు ఇది 2 × 3.14 × 50 × 1.5, అంటే 471 ఓమ్‌లు. 230ని 471తో భాగిస్తే మళ్ళీ 0.49 ఆంపియర్లే వస్తుంది. పిల్లల చేత ఈ సూత్రాన్ని మొదటి రోజే బట్టీ పట్టించడం నాకు నచ్చదు. అందులో పౌనఃపున్యం ఎందుకుందో, ప్రేరకత్వంతో ఎందుకు గుణించాలో తెలియకుండానే మార్కులు వచ్చేస్తాయి, ఆ తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి అడగరు. పౌనఃపున్యం పెరిగితే ప్రవాహానికి దొరికే వ్యవధి తగ్గుతుంది, ప్రేరకత్వం పెరిగితే మారే వేగం తగ్గుతుంది. సూత్రం చెబుతున్నది ఇంతే. విమానాల్లో వాడే 400 హెర్ట్‌జ్ సరఫరాకు ఇదే చోక్‌ను కలిపితే అదే వోల్టేజీ వద్ద ఎనిమిదో వంతు ప్రవాహమే పారుతుందని సూత్రం చూడకుండానే చెప్పవచ్చు.

పౌనఃపున్యం సున్నా అయితే? ఏకముఖ విద్యుత్తులో (డీసీలో) వోల్టేజీ దిశ మారదు కాబట్టి వ్యవధికి హద్దు లేదు. మన చోక్‌కు 230 వోల్టుల ఏకముఖ సరఫరా ఇస్తే ప్రవాహం పెరుగుతూ పోయి, సెకనులో ఐదో వంతు గడిచేసరికే దాదాపు 5.75 ఆంపియర్లకు చేరి, తీగ నిరోధం వల్ల అక్కడ ఆగుతుంది. మొదట మనం ఓమ్ నియమంతో వేసిన లెక్క తప్పేమీ కాదు, అది ఏకముఖ విద్యుత్తుకు వర్తించే లెక్క. ఆ స్థితిలో సన్నని తీగలో 1,300 వాట్లకు పైగా వేడి పుట్టి కొద్దిసేపటికే చోక్ కాలిపోతుంది. దయచేసి దీన్ని ఎవరూ ఇంట్లో చేసి చూడవద్దు.

చేసి చూడదగ్గది మరొకటి ఉంది, దానికి 12 వోల్టులు చాలు. ప్రయోగశాలలో మేము కొన్ని వందల చుట్ల రాగి తీగ చుట్టిన బోలు గొట్టాన్ని, ఒక చిన్న 12 వోల్టుల బల్బును వరుసలో కలుపుతాము. ముందు బ్యాటరీ ఇస్తే బల్బు చక్కగా వెలుగుతుంది. మెత్తని ఇనుప తీగల కట్టను గొట్టంలోకి దూర్చినప్పుడు వెలుగు ఒక్క లిప్త తగ్గినట్టనిపించి మళ్ళీ మామూలుగా వస్తుంది. తర్వాత బ్యాటరీ తీసేసి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరును కలిపితే బల్బు మొదటినుంచే కొంచెం మసకగా వెలుగుతుంది. ఇప్పుడు ఇనుప కట్టను అంగుళం అంగుళంగా లోపలికి తోస్తుంటే తెల్లని వెలుగు పసుపుగా, పసుపు నారింజగా మారి, కట్ట పూర్తిగా లోపలికి వెళ్ళేసరికి ఫిలమెంటు ఎర్రని గీతలా మిగులుతుంది. బయటికి లాగితే మళ్ళీ తెల్లబడుతుంది. కట్టను పట్టుకున్న వేళ్ళకు సన్నని అదురు కూడా తెలుస్తుంది. బల్బుకూ ఇనుముకూ మధ్య తీగ కనెక్షన్ ఏదీ లేదని, ఇనుము ముట్టుకున్నది చుట్ట లోపలి ఖాళీని మాత్రమేనని పిల్లలు గమనించే క్షణం కోసం నేను ప్రతి సంవత్సరం ఎదురు చూస్తాను. ఒకే ఇనుప కడ్డీ కాకుండా తీగల కట్ట వాడటానికి కారణం ఉంది. కడ్డీలో సుడి ప్రవాహాలు, అంటే ఇనుములోనే సుడులు తిరిగే విద్యుత్తు, పుట్టి అది వేడెక్కుతుంది, విడివిడి తీగల్లో అవి పెద్దగా పుట్టలేవు.

చోక్‌ను విప్పితే ఇదే ఏర్పాటు గట్టిగా బిగించి కనిపిస్తుంది. రేకు పెట్టె తెరిచి, అందులో పోసి గట్టిపరిచిన నల్లని తారు వంటి పదార్థాన్ని గీకేస్తే సిలికాన్ ఉక్కు స్టాంపింగులు పలకలు పలకలుగా పేర్చి ఉంటాయి, వాటి నడుమ ఎనామెల్ పూసిన రాగి తీగ వెయ్యికి మించిన చుట్లు చుట్టి ఉంటుంది. ఒక్కో చుట్టు పుట్టించే అయస్కాంత అభివాహం (ఫ్లక్స్) మిగిలిన అన్ని చుట్ల గుండా పోతుంది కాబట్టి చుట్లు రెట్టింపు చేస్తే ప్రేరకత్వం నాలుగు రెట్లవుతుంది. ఇక్కడివరకు ట్రాన్స్‌ఫార్మరుకూ చోక్‌కూ తేడా లేదు. తేడా అంతా ఇనుప దారిలో కావాలని వదిలిన సన్నని సందులో ఉంది. ఒక దళసరి కాగితం ముక్కో అట్ట ముక్కో పెట్టి రెండు ఇనుప భాగాలు పూర్తిగా తాకకుండా చేస్తారు. సందు లేకపోతే ప్రేరకత్వం చాలా ఎక్కువగా ఉంటుంది గానీ ఇనుము కొద్దిపాటి ప్రవాహానికే అయస్కాంతంగా సంతృప్తమైపోతుంది. సంతృప్తమైన ఇనుములో ప్రవాహం ఇంకా పెరిగినా అభివాహం అంతగా పెరగదు, అభివాహం మారకపోతే ఎదురు నిలిచే బలం పుట్టదు, సరిగ్గా ప్రవాహ శిఖరం దగ్గర చోక్ చేతులెత్తేస్తుంది. సందు ఉండటం వల్ల ప్రేరకత్వం తగ్గుతుంది, కానీ ఆ తగ్గిన విలువ ప్రవాహం తన మామూలు హద్దుల్లో ఉన్నంతవరకు నమ్మకంగా నిలుస్తుంది. చోక్ దాచుకునే శక్తిలో ఎక్కువ భాగం ఉక్కులో కాక ఆ కాగితమంత సందులోనే ఉంటుందన్నది నాకు ఇప్పటికీ అద్భుతంగా తోస్తుంది.

రాత్రి నిశ్శబ్దంలో పాత ట్యూబ్‌లైటు గుయ్యిమనడానికి కారణం కూడా ఆ ఇనుమే. సందుకు రెండు వైపులా ఉన్న ఇనుప ముఖాలు ప్రవాహం ఏ దిశలో శిఖరానికి చేరినా ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి మోత సెకనుకు 50 కాదు, 100 సార్లు. స్టాంపింగులు వదులైతే అది పెద్దదవుతుంది.

ట్యూబు వెలిగే ముందు చోక్ మరో పని చేస్తుంది, అందులో హెన్రీ చూసిన నిప్పురవ్వే పనికొస్తుంది. స్విచ్ వేయగానే స్టార్టర్‌లోని ద్విలోహపు పట్టీ వేడెక్కి వంగి, ట్యూబు రెండు కొసల్లోని ఫిలమెంట్లను చోక్‌తో ఒకే వరుసలో కలుపుతుంది. ఆ సమయంలో ట్యూబు ఇంకా దారిలో లేదు, ఫిలమెంట్ల నిరోధం కొన్ని ఓమ్‌లే, అయినా ప్రవాహం అర ఆంపియరు దరిదాపుల్లోనే ఆగిపోతుంది. తర్వాత ఆ ద్విలోహపు పట్టీ చల్లారి విడిపోతుంది. అర ఆంపియరు ప్రవాహం వెయ్యో వంతు సెకనులో తెగిపోయిందనుకుంటే 1.5 హెన్రీల చుట్టలో 750 వోల్టులు పుడతాయి, ఆ దెబ్బకు ట్యూబులోని వాయువు వెలుగుతుంది. అయితే స్టార్టర్ ఏ క్షణంలో విడిపోతుందో ఎవరి చేతిలోనూ లేదు. ప్రవాహం సున్నా దాటుతున్న క్షణంలో విడిపోతే చోక్‌లో దాచిన శక్తి ఉండదు, దెబ్బా ఉండదు, మళ్ళీ మొదటినుంచి ప్రయత్నించాలి. ట్యూబ్‌లైటు రెండు మూడు సార్లు మిణికి ఆ తర్వాత నిలకడగా వెలగడానికి ఇదొక ముఖ్య కారణం. సాయంత్రం పూట వోల్టేజీ బాగా పడిపోయే ఊళ్ళలో కొసలు మాత్రం ఎర్రబడి ట్యూబు టకటకమంటూ కొట్టుకోవడం చూసే ఉంటారు. అక్కడ ఫిలమెంట్లు చాలినంత వేడెక్కవు, దెబ్బా చాలదు.

ఇంతకీ నిరోధకం 55 వాట్లు కాల్చి చేసే పనిని చోక్ కాల్చకుండా ఎలా చేయగలుగుతోంది? ప్రవాహం సున్నా నుంచి శిఖరానికి పెరిగేటప్పుడు చోక్ సరఫరా నుంచి శక్తిని తీసుకుని అయస్కాంత క్షేత్రంగా నిలవ చేస్తుంది, శిఖరం నుంచి సున్నాకు తగ్గేటప్పుడు ఆ శక్తిని వెనక్కి ఇచ్చేస్తుంది. ట్యూబు వెలుగుతున్నప్పుడు ప్రవాహ శిఖరం 0.61 ఆంపియర్లు, ఆ క్షణంలో చోక్‌లో నిలవ ఉన్నది 0.28 జౌల్. ఈ చిన్న మొత్తం సెకనుకు 100 సార్లు నిండి 100 సార్లు ఖాళీ అవుతుంది. తీసుకున్నది తీసుకున్నట్టు తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి ఖర్చు లేదు. వోల్టేజీ శిఖరంలో ఉన్నప్పుడు చోక్ ప్రవాహం సున్నా దగ్గర, ప్రవాహం శిఖరంలో ఉన్నప్పుడు వోల్టేజీ సున్నా దగ్గర ఉండటానికి కారణం కూడా ఇదే. వోల్టుమీటరుతో ట్యూబు మీద కొలిస్తే 103, చోక్ మీద కొలిస్తే 200 వోల్టుల దరిదాపుల్లో వస్తుంది, రెండూ కూడితే 300 దాటుతుంది. ఉన్నది 230 వోల్టులే కదా అని మొదటిసారి చూసినవాళ్ళు మీటరును అనుమానిస్తారు. రెండు వోల్టేజీలు ఒకే క్షణంలో శిఖరానికి చేరవు కాబట్టి వాటిని మామూలుగా కూడకూడదు, లంబకోణ త్రిభుజంలోని రెండు భుజాల్లా కూడాలి.

ఖర్చు లేదన్న మాట మీటరు బిల్లు వరకే నిజం, తీగల వరకు కాదు. ట్యూబూ చోక్ కలిసి నిజంగా వాడుకునేది 46 వాట్లు, దానికి 230 వోల్టుల వద్ద 0.2 ఆంపియర్లు చాలు. కానీ వీధిలోని తీగల్లో పారుతున్నది 0.43 ఆంపియర్లు. అదనంగా పారేది చోక్ తీసుకుని తిరిగి ఇచ్చే శక్తి రాకపోకలు. తీగల్లో నష్టం ప్రవాహ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ట్యూబు కోసం తీగల్లో జరిగే నష్టం నాలుగు రెట్లు దాటుతుంది. చోక్ చీటీ మీద సామర్థ్య గుణకం (పవర్ ఫ్యాక్టర్, అంటే పారే ప్రవాహంలో నిజంగా పనికొచ్చే వంతు) 0.5 అని కనిపించేది దీని గురించే. పట్టీలో సుమారు 4.5 మైక్రోఫారడ్ల కెపాసిటరును సరఫరాకు సమాంతరంగా కలిపితే, చోక్ వెనక్కి ఇచ్చే వేళకు కెపాసిటరు తీసుకుంటుంది, చోక్ అడిగే వేళకు కెపాసిటరు ఇస్తుంది, ఆ రాకపోకలు చాలావరకు పట్టీలోనే ముగిసి సామర్థ్య గుణకం 0.9 దగ్గరకు వస్తుంది. నాలుగైదు రూపాయలు మిగుల్చుకోవడానికి ఆ కెపాసిటరును వదిలేసిన పట్టీలే నేను ఎక్కువగా చూశాను. వ్యవసాయ మోటార్లకు కెపాసిటర్లు బిగించమని మన రెండు రాష్ట్రాల్లో రైతులకు ఏళ్ళ తరబడి చెబుతూ వస్తున్నది కూడా దీనికే. మోటారులోనూ ఉన్నది ఇనుము మీద చుట్టిన తీగే. ట్రాన్స్‌ఫార్మరు మీద పది మోటార్లుంటే ఒక్కరు బిగించినా కొంత మేలే, పదిమందీ బిగిస్తే చివరి రైతుకు వోల్టేజీ అందుతుంది. రైతు బిల్లులో ఇది కనిపించదు కాబట్టే ఈ మాట చెప్పేవాళ్ళు ఓపికగా, అంకెలతో చెప్పాలని నా అభిప్రాయం. భారీ పరిశ్రమలకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ళకు బిల్లే కేవీఏహెచ్ లెక్కన, అంటే ఈ రాకపోకలను కూడా కలుపుకున్న లెక్కన, వస్తుంది.

రాగి చోక్ తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ చోక్‌లో తీగచుట్ట లేదని కొందరు అనుకుంటారు. ఉంది, వేలి కొనంత ఉంది. ఆ పరికరం 50 హెర్ట్‌జ్ సరఫరాను ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, దాన్ని మళ్ళీ 40 కిలోహెర్ట్‌జ్ దరిదాపుల్లో ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. పౌనఃపున్యం 800 రెట్లు పెరిగితే అదే ప్రతిరోధానికి కావలసిన ప్రేరకత్వం 800వ వంతుకు తగ్గుతుంది, అంటే 1.5 హెన్రీలకు బదులు 2 మిల్లీహెన్రీలు చాలు. కిలో దాకా తూగే రాగి, ఉక్కు దిమ్మె చేసిన పని చిన్న ఫెరైటు (ఇనుప ఆక్సైడుతో చేసిన పింగాణీ వంటి అయస్కాంత పదార్థం) ముక్క మీద కొద్ది చుట్లు చేస్తాయి. ఇంత వేగంలో ఉక్కు పలకలు పనికిరావు, సుడి ప్రవాహాలతో కాగిపోతాయి, ఫెరైటు విద్యుత్తును సరిగా పోనివ్వదు కాబట్టి తట్టుకుంటుంది. మోత కూడా మన చెవికి అందని స్థాయికి వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఇంటింటా వెలుగుతున్న ఎల్‌ఈడీ ట్యూబుల డ్రైవర్లలో కూడా చాలావరకు ఇలాంటి చిన్న చుట్టే ప్రవాహాన్ని అదుపు చేస్తోంది. ఎల్‌ఈడీ కూడా తన ప్రవాహాన్ని తాను నియంత్రించుకోలేని వస్తువే.

పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు బిగించేవాళ్ళు చోక్‌ను ఉంచాలా తీసేయాలా అని నన్ను తరచుగా అడుగుతారు. ట్యూబుతో వచ్చే కాగితం మీది బొమ్మ ఎలా చెబితే అలా చేయాలి, ఎందుకంటే సరఫరాను ఒకే కొసకు ఇచ్చే ట్యూబులూ ఉన్నాయి, రెండు కొసలకు ఇచ్చేవీ ఉన్నాయి. స్టార్టర్‌ను మాత్రం తప్పకుండా తీసేయాలి, లేదా ట్యూబుతో ఇచ్చిన ఉత్తుత్తి (డమ్మీ) స్టార్టర్‌ను దాని స్థానంలో పెట్టాలి. చోక్‌ను ఉంచవచ్చని ఆ కాగితం చెబితే కంగారు పడనక్కర్లేదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులో పారేది 0.1 ఆంపియరు అనుకుంటే 40 ఓమ్‌ల తీగలో పోయేది అర వాటు కంటే తక్కువే.